బ్యాటరీ కారు: కిలోమీటరు ఖర్చు ఒక పద్దు, పెట్టుబడి వడ్డీ మరొక పద్దు

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు యార్డులో మిర్చి కొనే వర్తకుడు క్వింటాలు ధర ఒక్కటే చూసి బేరం ముగించడు. తేమ ఎంత, తాలు ఎంత, సంచి తరుగు ఎంత అని చూస్తాడు. హమాలీ, కోల్డు స్టోరేజీ అద్దె, బీమా, బ్యాంకు వడ్డీ అన్నీ కలుపుకొని, మూడు నెలలు నిల్వ పెట్టి అమ్మితే తనకు ఎంతకు పడుతుందో లెక్క కట్టుకొని మరీ సరకు ఎత్తుతాడు. అదే వర్తకుడు కారు కొనబోయేసరికి షోరూములో చెప్పిన ఒక్క అంకె పట్టుకొని ఇంటికి వస్తున్నాడు. పెట్రోలు కారుకు కిలోమీటరుకు ఎనిమిది రూపాయలట, బ్యాటరీ కారుకు రూపాయిన్నరట, ఇక ఆలోచించేదేమున్నదని అనేవారు యార్డు ముంగిట ఎందరో కనబడుతున్నారు. ఆ అంకె అబద్ధం కాదు. కాని అది క్వింటాలు ధర వంటిదే. నికరంగా ఎంతకు పడుతుందన్నది వేరే లెక్క.

ఈ లెక్కను కమీషన్ వ్యాపారి, దళారి, చిన్న ఎగుమతిదారు ఎవరికి వారు తమ అంకెలతో వేసుకోవడానికి వీలుగా ఇక్కడ విడదీసి చూపుతున్నాము.

ముందు ఇంధనం పద్దు

2024 మార్చి 15న లీటరుకు 2 రూపాయలు తగ్గించిన తర్వాత హైదరాబాదులో పెట్రోలు ధర 107 రూపాయల చిల్లర దగ్గర నిలిచింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో అంతకంటె ఒకటి రెండు రూపాయలు హెచ్చుగా పలికింది. లెక్క సులువు కోసం రు. 108 అనుకుందాము. ఊళ్లో కొంత, రహదారి మీద కొంత తిరిగే మధ్యరకం కారు ఏసీ వేసుకొని లీటరుకు 14 కి.మీ. ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయల 71 పైసలు పడుతుంది. కంపెనీ కాగితంలో వుండే మైలేజీ ఇంతకంటె హెచ్చే. ఆ మైలేజీ పరీక్షశాలలో వచ్చినది. మిర్చి సీజన్లో బస్తాల లారీల వెనుక నిలిచి నిలిచి కదిలే కారుది కాదు.

బ్యాటరీ కారు విషయానికి వస్తే, గోడ ప్లగ్గు నుంచి తీసుకున్న ఒక యూనిట్ కరెంటుకు 6 కి.మీ. నడుస్తుందనుకోవడం భద్రమైన లెక్క. చార్జింగులో పోయే నష్టం నూటికి పది పదిహేను వరకు వుంటుంది. మీటరు ఆ నష్టాన్ని కూడా కలిపే తిరుగుతుంది కాబట్టి దానిని కారు ఖాతాలోనే వ్రాసుకోవాలి.

ఇక యూనిట్ ధర. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. కరెంటు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటున ఆరో ఏడో రూపాయలని చెప్పుకుంటారు. కాని కారు కొత్తగా వచ్చి చేరిన బేరం. దాని యూనిట్లు బిల్లులో అన్నిటికంటె పైన కూర్చుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి అమలులోకి వచ్చిన గృహ వినియోగ రేట్లలో 226 నుంచి 400 యూనిట్ల వరకు యూనిట్‌కు రు. 8.75, 400 దాటితే రు. 9.75. రెండు ఏసీలు, ఫ్రిజ్జి, బోరు మోటారు వున్న వర్తకుని ఇంట్లో వేసవిలో 400 యూనిట్లు ఎలాగూ దాటుతాయి. కనుక కారు తాగే ప్రతి యూనిట్ రు. 9.75 దే. దాని మీద ఇంధన సర్దుబాటు చార్జీలు వేరు. రు. 10 అనుకుంటే కిలోమీటరుకు 1 రూపాయి 67 పైసలు.

ఇంత పైశ్రేణి రేటు వేసినా తేడా గట్టిగానే వున్నది. గుంటూరు నుంచి బెజవాడకు రోజూ వెళ్లి వచ్చే వ్యాపారిని తీసుకుందాము. రానుపోను 70 కి.మీ., నెలకు 25 రోజులు, మొత్తం 1,750 కి.మీ. పెట్రోలుకు 125 లీటర్లు, అంటే రు. 13,500. కరెంటుకు సుమారు 292 యూనిట్లు, అంటే రు. 2,920. నెలకు పదివేల అయిదువందల పైచిలుకు మిగులు. గుమాస్తా జీతంలో మంచి భాగం.

అయితే ఈ మిగులంతా ఇంట్లో రాత్రిపూట చార్జింగు పెట్టుకునేవారికే. రోడ్డు పక్క వేగంగా చార్జి చేసే కేంద్రాలలో యూనిట్‌కు 15 నుంచి 25 రూపాయల వరకు వసూలు చేస్తున్నారు. ఈ సేవ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా వున్నది. పన్నుతో కలిపి రు. 22 వేసుకుంటే కిలోమీటరుకు 3 రూపాయల 67 పైసలు. పెట్రోలుకంటె ఇదీ తక్కువే, కాని సగానికి దగ్గర. అపార్టుమెంటులో వుంటూ కారు నిలిపే చోట సొంత ప్లగ్గు లేనివారు ఈ రెండవ అంకెతోనే లెక్క వేసుకోవాలి, మొదటి అంకెతో కాదు. ఇంటి కనెక్షన్ మీద సొంత కారు చార్జి చేసుకోవడానికి కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా అనుమతిస్తున్నవి. అసోసియేషన్ వారు అభ్యంతరం చెబితే ఆ కాగితం చూపించవచ్చు. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుతో రాత్రి పది గంటలలో 30 యూనిట్ల దాకా ఎక్కుతుంది. అది 180 కి.మీ.కు సరిపడా. గోడకు బిగించే 7 కిలోవాట్ల పెట్టె కావాలంటే మాత్రం కాంట్రాక్టు లోడు పెంచుకోవలసి వస్తుంది. ఆ డిపాజిట్టు, వైరింగు ఖర్చు కూడా పెట్టుబడిలో కలుపుకోవాలి.

సర్వీసు, టైర్లు, బీమా

బ్యాటరీ కారులో ఇంజను ఆయిల్ లేదు, క్లచ్చి లేదు, స్పార్కు ప్లగ్గులు లేవు. సర్వీసు ఖర్చు పెట్రోలు కారుకంటె బాగా తక్కువ. ఆ మిగులును కొంత టైర్లు తినివేస్తాయి. బ్యాటరీ బరువు వల్ల, మోటారు లాగుడు వల్ల అవి త్వరగా అరుగుతాయి. బీమాలో రెండు ముఖాలున్నవి. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీల పెట్రోలు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం రు. 3,416 కాగా, 30 నుంచి 65 కిలోవాట్ల విద్యుత్ కారుకు రు. 2,904గా నిర్ణయించారు. నూటికి 15 తగ్గింపు అన్నమాట. కాని సొంత నష్టం బీమా కారు విలువ మీద కడతారు. విలువ ఎక్కువ కాబట్టి అక్కడ హెచ్చు కట్టవలసి వస్తుంది. సర్వీసులో మిగిలినది టైర్లకు, బీమాకు చెల్లు అనుకుంటే పెద్ద తప్పు కాదు. కనుక నికర మిగులు కిలోమీటరుకు 6 రూపాయలు అని పెట్టుకుందాము.

అసలు పద్దు: లోపల ఇరుక్కున్న డబ్బు

ఇప్పుడు వర్తకునికి బాగా తెలిసిన చోటికి వద్దాము. ఒకే తరహా కారులో పెట్రోలుది రోడ్డెక్కేసరికి 12 లక్షలు, బ్యాటరీది 15 లక్షలు అనుకుందాము. తేడా 3 లక్షలు. ఈ 3 లక్షలు ముందే చెల్లించి కొని పెట్టుకున్న ఇంధనం నిల్వ వంటిది. నిల్వకు వడ్డీ వుంటుంది, తరుగు వుంటుంది.

నూటికి ముప్పావలా వడ్డీ, అంటే ఏడాదికి 9 శాతం వేస్తే 27 వేలు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. హామీ ఇస్తూ వచ్చినవి. ఆ ఎనిమిదేళ్లలో 3 లక్షల తేడా పూర్తిగా కొట్టివేయాలంటే ఏడాదికి రు. 37,500. రెండూ కలిపి రు. 64,500. దీనిని 6 రూపాయలతో భాగిస్తే 10,750 కి.మీ. అంటే నెలకు 900 కి.మీ. తిరిగేవానికి రెండు కార్లూ సమానం. అంతకు మించి తిరిగితే బ్యాటరీ కారు లాభం, తగ్గితే నష్టం.

బెజవాడ వెళ్లి వచ్చే వ్యాపారి ఏడాదికి 21,000 కి.మీ. తిరుగుతాడు. అతనికి ఇంధనంలో మిగిలేది రు. 1,26,000, వడ్డీ, తరుగు పోను చేతిలో నిలిచేది రు. 61,500. బ్రాడీపేటలో ఇల్లు, యార్డులో దుకాణం, రోజుకు 12 కి.మీ. మించి తిరగని కమీషన్ వ్యాపారి సంగతి చూడండి. నెలకు 300, ఏడాదికి 3,600 కి.మీ. మిగులు రు. 21,600 మాత్రమే. వడ్డీ, తరుగు తీసివేస్తే ఏడాదికి రు. 42,900 చేతి నుంచి పోతున్నది. "పెట్రోలు బాధ పోయింది" అని సంతోషిస్తున్నవారిలో ఇటువంటివారు తక్కువేమీ కాదు. వారు పోగొట్టుకుంటున్నది బంకు దగ్గర కనబడదు, బ్యాంకు పాసు పుస్తకంలో కనబడుతుంది.

అసలు ఏటేటా తగ్గుతుంది కాబట్టి వడ్డీ సగటున సగమే వేయాలని ఆడిటరు అనవచ్చు. అది న్యాయమే. అప్పుడు ఏడాదికి రు. 51,000, సమాన రేఖ 8,500 కి.మీ. దగ్గరకు దిగుతుంది. కాని మనవాళ్లలో సీజన్లో నూటికి రూపాయిన్నర వడ్డీకి డబ్బు తెచ్చి సరకు ఎత్తేవారున్నారు. వారి రొక్కం విలువ 9 శాతం కాదు, 18 శాతం. ఆ రేటు పూర్తిగా వేస్తే వడ్డీ రు. 54,000, తరుగు రు. 37,500, మొత్తం రు. 91,500. సమాన రేఖ 15,250 కి.మీ.కు ఎగబాకుతుంది. ఒకే కారు, ఒకే రోడ్డు. ఎవరి డబ్బు ఎంత ఖరీదన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతున్నది.

ఎప్పుడూ రోడ్డు పక్క కేంద్రాలలోనే చార్జి చేసుకునేవారికి కిలోమీటరుకు మిగిలేది 4 రూపాయల చిల్లర. వారు 9 శాతం వడ్డీ మీద కూడా ఏడాదికి 16,000 కి.మీ. తిరగాలి.

డీజిల్ కారు వున్నవారు ఈ అంకెలు యథాతథంగా వాడరాదు. డీజిల్ లీటరు రు. 96, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 33 పైసలే. డీజిల్ కారు పెట్రోలుకంటె ఓ లక్ష హెచ్చనుకుంటే సమాన రేఖ పన్నెండు వేల కి.మీ.కు కొంచెం ఇటుగా వస్తుంది. సీఎన్‌జీ కిలో 90 రూపాయల ప్రాంతంలో వుండి 22 కి.మీ. ఇచ్చే చోట బ్యాటరీ కారుకు గట్టి పోటీ అదే. గ్యాసు బంకు దగ్గర క్యూలో పోయే కాలానికి ధర కట్టగలిగితే మాత్రం తేడా వస్తుంది.

ఖమ్మంలో లెక్క వేరు

కృష్ణకు ఆవల ఈ లెక్క మరోలా తేలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి, 2026 డిసెంబరు 31 వరకు వర్తించేలా, విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ ఫీజును పూర్తిగా మినహాయించింది. ఆ రాష్ట్రంలో 2022 మే నుంచి 10 లక్షలు దాటి 20 లక్షల లోపు వున్న కారుకు జీవితకాల పన్ను 17 శాతం. షోరూము ధర పది లక్షల యాభై వేలున్న పెట్రోలు కారుకు అది రు. 1,78,500. పదమూడు లక్షల యాభై వేల బ్యాటరీ కారుకు సున్న. కనుక 3 లక్షల తేడా కాస్తా రు. 1,21,500కు దిగుతుంది. వడ్డీ, తరుగు కలిపి ఏడాదికి 26 వేల చిల్లర. అక్కడి కరెంటు రేటు కూడా రు. 10 ప్రాంతమే అనుకుంటే నెలకు 360 కి.మీ. తిరిగినా గిట్టుబాటే. ఖమ్మం, వరంగల్ ఏనుమాముల మార్కెట్లలోని వ్యాపారికి, గుంటూరు వ్యాపారికి ఒకే సలహా చెప్పడం ఇందువల్ల కుదరదు. మినహాయింపు గడువు దాటాక కొనేవారు గుంటూరు లెక్కలోకే వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ వాహన విధానాలు 2018లో ఒకటి, 2024లో మరొకటి వచ్చినవి. రాయితీల తీరు ఒక్కలా లేదు కాబట్టి బేరం కుదిరిన నాడు అమలులో వున్న ఉత్తర్వు చూసుకొనే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

జీఎస్‌టీ రంగంలో గాలి కొంత ఇటు తిరిగింది. విద్యుత్ కార్ల మీద 2019 ఆగస్టు 1న 12 నుంచి 5 శాతానికి తగ్గిన పన్ను ఆ తర్వాత అలాగే నిలిచింది. పెట్రోలు చిన్న కార్ల మీద మాత్రం సెస్సుతో కలిపి 29 శాతం వున్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. దానితో చిన్న పెట్రోలు కార్ల ధరలు తగ్గి, బ్యాటరీ కారుతో వాటికున్న దూరం పెరిగింది. 2025 వేసవిలో వేసిన లెక్క కాగితం ఎవరి దగ్గరైనా వుంటే దానిని చించివేసి కొత్తది వేసుకోవాలి.

చమురు పడితే పెట్రోలు తగ్గుతుందా

చమురు ధర పెరిగేకొద్దీ బ్యాటరీ కారు లాభం, పడితే నష్టం అన్నది పైకి కనబడే సూత్రం. మన బ్రోకర్లకు 2020 ఏప్రిల్ 20 గుర్తుండే వుంటుంది. నాడు న్యూయార్కులో ముడిచమురు పీపా ధర సున్నకంటె కిందికి, మైనస్ 37 డాలర్ల 63 సెంట్లకు పడిపోయింది. ఎంసీఎక్స్‌లో ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ రు. 2,884 మీద పరిష్కరించడంతో ఎందరి చేతులో కాలాయి. ఆ రోజులలో బంకులో పెట్రోలు చవక అయినదా? కాలేదు. 2020 మార్చి, మే నెలల్లో కేంద్రం రెండు విడతలుగా లీటరుకు 13 రూపాయల ఎక్సైజు సుంకం వేసింది. చమురు పడిన లాభం ఖజానాకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాటుతో పాటు లీటరుకు 4 రూపాయలు, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు, తెలంగాణలో 35.20 శాతం వ్యాటు. ధరలో ఇంత భాగం పన్నే అయినప్పుడు ముడిచమురు మందీ బంకు దాకా దిగి రాదు.

2017 జూన్ 16 నుంచి పెట్రోలు ధర రోజువారీగా మారుతుందన్నారు. 2022 మే తర్వాత దాదాపు రెండేళ్లు కదలలేదు. పేరుకు రోజువారీ, నడత ఏడాదివారీ. కరెంటు ధర అటుకాదు. విద్యుత్ నియంత్రణ మండలి ఏడాదికొకసారి ఉత్తర్వు ఇస్తుంది, మధ్యలో సర్దుబాటు చార్జీ వస్తుంది. ఎంసీఎక్స్‌లో 2025 జూలై 10 నుంచి విద్యుత్ వాయిదా బేరాలు కూడా మొదలైనవి. అయితే ఆ బేరానికి, మన ఇంటి మీటరుకు నేరుగా సంబంధం లేదు. నియంత్రణ మండలి యూనిట్‌కు ఒక రూపాయి పెంచినా కిలోమీటరుకు పెరిగేది 17 పైసలే. పెట్రోలు 10 రూపాయలు పెరిగితే కిలోమీటరుకు 71 పైసలు పెరుగుతుంది. ధరల హెచ్చుతగ్గుల దెబ్బ ఏ బండికి తక్కువో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

పెట్రోలు లీటరులో పెట్రోలు ఎంత అన్నదీ చూడాలి. 2025లో దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. దానికి తగినట్టు తయారుకాని పాత నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే చెప్పింది. 5 శాతం తగ్గిందనుకున్నా కిలోమీటరుకు 40 పైసలు అదనం. ఈ ఇథనాల్‌కు మొక్కజొన్న గిరాకీ ఎంతగా పెరిగిందో ఈ పుట చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. అదివరకు ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకోవలసి వచ్చింది. మొక్కజొన్న బేరగాడు బంకులో పోగొట్టుకున్నది యార్డులో రాబట్టుకుంటున్నాడేమో. మిర్చివారికి ఆ సౌకర్యం లేదు.

లిథియం మందీ, పాత కారు ధర

బ్యాటరీ కారు వ్యాపారంలో అందరికంటె ముందు మేలుకోవలసింది పాత కారు ధర విషయంలో. చైనా మార్కెట్లో లిథియం కార్బొనేట్ 2022 నవంబరులో టన్నుకు 6 లక్షల యువాన్లకు చేరువై, 2023 చివరకు లక్ష దగ్గరకు కూలింది. 2025 మధ్యలో 60 వేల ప్రాంతంలో నలిగింది. ఇంతటి తేజీ, ఇంతటి మందీ మన పసుపులో కూడా అరుదు. బ్యాటరీ ప్యాకు సగటు ధర 2024లో ఒక్క ఏడాదే నూటికి 20 తగ్గి, కిలోవాట్ గంటకు 115 డాలర్లకు వచ్చిందని బ్లూంబర్గ్ ఎన్ఈఎఫ్ సంస్థ లెక్క తేల్చింది. కొనబోయేవానికి ఇది శుభవార్త. కొన్నవానికి కాదు. కొత్త పంట చవకగా వస్తే గోదాములో పాత సరకు ఏమవుతుందో అదే అవుతుంది. 2024 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ బ్యాటరీ ధరలు తగ్గినవని చెప్పి నెక్సాన్ విద్యుత్ కారు మీద రు. 1,20,000 వరకు, టియాగో మీద రు. 70,000 వరకు తగ్గించింది. జనవరిలో కొన్నవాని నిల్వ విలువ నెల తిరగకుండా అంత మేర పడిపోయింది.

2001లో బెంగుళూరు నుంచి వచ్చిన రేవా కారు నాటి భయం ఇంకా కొందరిలో వున్నది. అది సీసం-ఆమ్లం బ్యాటరీల కారు. వాటిని కొద్ది సంవత్సరాలకే మార్చవలసి వచ్చేది. ఇప్పటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఆ ఆయుర్దాయం పోలిక పనికిరాదు. వాటిలో కోబాల్టు, నికెలు లేవు కనుక ఆ లోహాల తేజీ వీటికి తగలదు. 2025లో టాటావారు కొన్ని మోడళ్ల బ్యాటరీకి మొదటి సొంతదారుకు 15 ఏళ్ల హామీ ప్రకటించారు. "మొదటి సొంతదారుకు" అన్న మాట దగ్గర వేలు పెట్టి చదవాలి. రెండవ చేతికి మారగానే హామీ కురచ అయితే, కొనేవాడు ఆ మేరకు ధర కోస్తాడు. పల్నాటి ఎండల విషయం కూడా విస్మరించరాదు. రెంటచింతల వేడిలో పూర్తిగా చార్జి చేసిన కారును రోజంతా రేకుల షెడ్డు కింద నిలబెడితే బ్యాటరీ వయస్సు తగ్గుతుంది. నీడ, ఎనభై శాతం చార్జింగు అన్న రెండు అలవాట్లకు ఖర్చేమీ లేదు.

తరుగు భారం మోయలేనివారి కోసం బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతి ఒకటి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కారును రు. 9,99,000కు, బ్యాటరీకి కిలోమీటరుకు రు. 3.50 అద్దె మీద విడుదల చేశారు. బ్యాటరీతో సహా అయితే రు. 13,50,000. అద్దె, కరెంటు కలిపితే కిలోమీటరుకు 5 రూపాయల 17 పైసలు. పెట్రోలు మీద మిగిలేది రెండున్నర రూపాయలు. పెట్టుబడి పెద్దగా ఇరుక్కోదు. కోల్డు స్టోరేజీ కట్టకుండా అద్దెకు బస్తాలు పెట్టుకున్నట్టు. అయితే నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు అద్దె కట్టి తీరాలన్న షరతు ఒప్పందంలో వున్నదేమో చూడకుండా సంతకం చేయరాదు. తక్కువ తిరిగేవానికే ఈ పద్ధతి లాభమని అనిపిస్తుంది. కనీసపు షరతు వున్న చోట సరిగ్గా అతనే నష్టపోతాడు.

సంస్థ పేరున కొంటే

ఇక ఆదాయపు పన్ను. ఇది కమీషన్ వ్యాపారులు, బ్రోకర్లు ప్రత్యేకించి గమనించవలసిన విషయం. చిన్న వర్తకులకు వున్న ఊహాత్మక ఆదాయ పద్ధతి, అంటే పాత చట్టంలోని 44 ఏడీ సెక్షన్, కమీషన్, బ్రోకరేజి ఆదాయం వున్నవారికి వర్తించదు. వారు పద్దులు వ్రాయాలి. పద్దులు వ్రాసేవారికి తరుగుదల పనికి వస్తుంది. 1962 నాటి నిబంధనల పట్టికలో మామూలు కారుకు తరుగుదల 15 శాతం, విద్యుత్ వాహనానికి 40 శాతం. 12 లక్షల పెట్రోలు కారుకు మొదటి ఏడాది 1,80,000. 15 లక్షల విద్యుత్ కారుకు 6 లక్షలు. 30 శాతం పన్ను కట్టేవానికి మొదటి ఏడాదే రు. 1,26,000 తేడా పడుతుంది. ఇది పూర్తిగా మిగులు కాదు, చాలావరకు వాయిదా. కాని వాయిదాకు కూడా వడ్డీ విలువ వుంటుందని వర్తకునికి చెప్పనక్కరలేదు. సొంత పనులకు వాడిన వంతు ఆడిటరు తీసివేస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి పట్టికలో ఏ రేటు వున్నదో ఆయననే అడిగి నిర్ధారించుకోవాలి. రుణం మీద వడ్డీకి లక్షన్నర మినహాయింపు ఇంకా వున్నదని చెప్పేవారి మాట నమ్మకండి. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలతోనే ముగిసింది. కారు కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ పెట్రోలు కారుకూ లేదు, విద్యుత్ కారుకూ లేదు.

ఈ 40 శాతంలో ఒక మెలిక వున్నది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ వున్న సంస్థ తరుగుదల చూపిన పాత కారును అమ్మితే, పుస్తక విలువ కంటె హెచ్చు వచ్చిన మొత్తం మీద పన్ను కట్టాలి. 2024 డిసెంబరు 21న జైసల్మేరులో జరిగిన కౌన్సిల్ సమావేశం విద్యుత్ కార్లతో సహా ఈ రేటును 18 శాతంగా నిర్ణయించింది. 15 లక్షల విద్యుత్ కారు మూడేళ్లకు పుస్తకాలలో రు. 3,24,000 అవుతుంది. దానిని 7 లక్షలకు అమ్మితే తేడా రు. 3,76,000, పన్ను రు. 67,680. 12 లక్షల పెట్రోలు కారు పుస్తక విలువ అదే మూడేళ్లకు సుమారు 7,37,000. ఆరున్నర లక్షలకు అమ్మితే పన్ను లేదు. ముందు తీసుకున్న తరుగుదలలో కొంత ఈ దారిన వెనక్కి పోతుంది. వ్యక్తిగతంగా సొంత పేరున కొని, తరుగుదల చూపకుండా అమ్ముకునేవారికి ఈ బాధ లేదు.

సంస్థ పేరున కొనదలచినవారు తేదీ కూడా చూసుకోవాలి. లెక్కల సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడిన ఆస్తికి తరుగుదల సగమే. దసరా ముహూర్తానికని అక్టోబరు రెండవ వారం దాకా ఆగి కొన్న కారుకు ఆ ఏడాది 40 బదులు 20 శాతమే దక్కుతుంది. యార్డుకు వేసవి సెలవులిచ్చి, సీజన్ రొక్కం చేతికి వచ్చే మే, జూన్ నెలల్లో కొన్నవానికి పూర్తి 40 శాతం వస్తుంది.